గడువుగా ఇయ్యబడిన సంవత్సరము

పాఠ్యభాగము: లూకా 13:1–9

సంవత్సరము ముగియు దినములలో గడచిన కాలమును నెమరువేసికొనుట క్రైస్తవ కుటుంబములకు తరతరముల అలవాటు. డిసెంబరు 31వ తేది రాత్రి ఆరాధనలో సాక్ష్యములకు కొంత సమయము కేటాయింపబడును. ఒకరు వ్యాధినుండి కలిగిన స్వస్థతను, ఒకరు కుమార్తె వివాహమును, మరియొకరు వెంట్రుకవాసిలో తప్పిన అపాయమును చెప్పి దేవుని స్తుతింతురు. ఈ అలవాటు మంచిదే. మేలులను మరచువాడు మేలు చేసినవానిని కూడ మరచును. అయితే జ్ఞాపకము చేసికొనుటయందు సహితము తప్పుదారి కలదు. తాను పొందిన మేలును తన యోగ్యతకు గురుతుగా ఎంచుకొనుటయు, ప్రక్కవాని దుఃఖమును ఆ లెక్కలో చేర్చకపోవుటయు ఆ తప్పుదారియే. గడచిన సంవత్సరమును ఎట్లు తిరిగి చూడవలెనో మన ప్రభువు చెప్పిన ఒక చిన్న ఉపమానము నేర్పుచున్నది. దానిని ఒక రైల్వే వాడ జీవితముతో కలిపి ధ్యానించుట ఈ పాఠము ఉద్దేశము.

1. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో సంవత్సరాంతము

పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణములో ఓల్డ్ సెటిల్‌మెంట్ అనునది పాత వాడలలో ఒకటి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఆ ప్రాంతమున జంక్షనును, పెద్ద కర్మాగారమును నెలకొల్పిన నాటినుండి ఉత్తరాంధ్ర జిల్లాల తెలుగువారు పని వెదకుకొనుచు అక్కడికి పోయి స్థిరపడిరి. 1955లో అది సౌత్ ఈస్టర్న్ రైల్వే ఆయెను. తండ్రి తరువాత కుమారుడు, కుమారుని తరువాత మనుమడు అదే కర్మాగారములోనో, స్టేషనులోనో పనిచేసిన కుటుంబములు ఆ పట్టణములో కలవు. ఇంటిలో తెలుగు, బజారులో బెంగాలీ హిందీలు మాటలాడుచు వారు అక్కడ వేరూనిరి.

ఇట్టి చోట సంవత్సరమును కొలుచునది గోడమీది క్యాలెండరు మాత్రమే కాదు, డ్యూటీ చీటీ కూడ. సంవత్సరపు చివరి రాత్రి ఆరాధనకు కుటుంబమంతయు కూడివచ్చుట రైల్వే ఇండ్లలో అరుదు. ఆ రాత్రియు బండ్లు నడువవలెను గదా! ఒకని తండ్రి ఇంజనులో ఉండును. ఒకతె భర్త క్యాబినులో ఉండును. మరియొకరి కుమారుడు పట్టాలవెంట చేతిదీపముతో నడుచుచుండును. ప్రార్థనామందిరములో కూర్చున్నవారి మెలకువకు వెనుక, బయట పనిలోనున్నవారి మెలకువ కలదు. ఇంగ్లండులో బ్రిస్టలు పట్టణమునకు సమీపముననున్న కింగ్స్‌వుడ్ బొగ్గుగని కార్మికులు 1740 ప్రాంతమున, మునుపు సారాయి అంగళ్లలో గడిపిన రాత్రులను ప్రార్థనలో గడుప మొదలుపెట్టిరి. జాన్ వెస్లీ ఆ జాగరణ కూడికలను ప్రోత్సహించెను. కాబట్టి ఈ ఆరాధన మెథడిస్టులలో పనివారి నడుమనే వేరూనినది.

ఒక్క సంవత్సరమునకు ఒక్కటే పేరు పెట్టుట సాధ్యము కాదని కూడ ఈ వాడ చక్కగా ఎరుగును. 2020ని తీసికొందము. మార్చి 22వ తేదిన దేశమంతట ప్రయాణికుల బండ్లు ఆగిపోయెను. సరకుల బండ్లు మాత్రము ఆగలేదు. వాటిని నడుపువారు భయముతోనే పనికి పోయిరి. రైల్వే కర్మాగారములలో బోగీలు రోగులను వేరుగా ఉంచు గదులుగా మార్చబడెను. అదే సంవత్సరము డిసెంబరు నెలలో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికార భాష హోదా ఇయ్య నిశ్చయించెను. దానికి ముఖ్య కారణము ఖరగ్‌పూర్ తెలుగువారే. ఆ సంవత్సరమును ఒక ఇల్లు, తల్లిని కోల్పోయిన సంవత్సరముగా జ్ఞాపకముంచుకొనును. ప్రక్క ఇల్లు, తమ భాషకు గౌరవము కలిగిన సంవత్సరముగా జ్ఞాపకముంచుకొనును. రెండును నిజమే. రెండింటికి నడుమ ఉన్నది ఒక్క గోడ మాత్రమే.

2. లెక్కలో చేరనివారు

2023 జూన్ 2వ తేది సాయంత్రము సుమారు 7 గంటలకు ఒడిశా రాష్ట్రములో బాలాసోరు జిల్లాలోని బహనాగా బజార్ స్టేషనువద్ద కోరమాండల్ ఎక్స్‌ప్రెస్, నిలిచియున్న గూడ్సు బండిని ఢీకొనెను. పడిపోయిన బోగీలకు బెంగుళూరునుండి హౌరాకు వచ్చుచున్న బండి వెనుక బోగీలు తగిలెను. 290 మందికి పైగా మరణించిరి. వెయ్యిమందికి పైగా గాయపడిరి. ఆ స్టేషను ఖరగ్‌పూర్ డివిజనులోనిది. కోరమాండల్ ఆ సాయంత్రమే ఖరగ్‌పూర్‌లో ఆగి దక్షిణమునకు సాగినది. తెలుగునాటికి వచ్చు కూలీలు, రోగులు, విద్యార్థులు, స్వగ్రామమునకు మరలు ఉద్యోగులు ఎక్కు బండి అది.

ప్రమాదము జరిగిన వెంటనే మొదట పరుగెత్తి వచ్చినవారు సమీప గ్రామస్థులు. చీకటిలో, చేతికి దొరికిన పనిముట్లతో, ఎరుగని మనుష్యులను బయటికి లాగిరి. రక్తదానము చేయుటకు యువకులు ఆసుపత్రులయొద్ద వరుసలలో నిలిచిరి. మృతదేహములు గ్రామ పాఠశాలలో ఉంచబడెను. నెలలు గడచినను ఎవరును వచ్చి తమవారని చెప్పని 28 మృతదేహములు ఆ సంవత్సరము అక్టోబరులో భువనేశ్వరులో దహనము చేయబడెను.

ఇప్పుడు ఆ సంవత్సరపు చివరి రాత్రి ఆరాధనను ఊహింపుడు. ఆ దినమున ఆ బండి ఎక్కవలసియుండి, జ్వరమువలననో, సెలవు దొరకకపోవుటవలననో ఎక్కని ఒక సహోదరుడు లేచి నిలిచెననుకొందము. దేవునికి తనయందు ప్రత్యేకమైన ప్రేమ కలదు గనుక, తాను ప్రార్థనాపరుడు గనుక, ఆయన తన్ను తప్పించెనని అతడు కన్నీటితో చెప్పును. సంఘమంతయు హల్లెలూయ అనును. వెనుక బల్లమీద ఒక స్త్రీ కూర్చుండియున్నది. ఆమె కుమారుడు ఆ బండి ఎక్కెను. అతడును ప్రార్థనాపరుడే. ఆ సాక్ష్యము ఆమె చెవికి ఏమని వినబడును? తన కుమారునియందు దేవునికి అంత ప్రేమ లేకపోయెననియే గదా!

సాక్ష్యము చెప్పినవాడు ఆమెను గాయపరచ తలంచలేదు. అతని కృతజ్ఞత నిజమైనది. అయితే అతని లెక్కలో ఆమెకు చోటు లేకపోయెను. ఈ సమస్య క్రొత్తది కాదు. ప్రభువు కాలములోనే ఇది ఆయన ఎదుటికి వచ్చెను.

3. సిలోయము గోపురము

పిలాతు కొందరు గలిలయులను బలులర్పించుచుండగా చంపించెనను వార్తను కొందరు ప్రభువునొద్దకు తెచ్చిరి. ఆ గలిలయులు ఎక్కువ పాపులు గనుక అట్లు చచ్చిరని వారు తలంచుచున్నారని ప్రభువు గ్రహించెను. ఆయన ఆ తలంపును ఖండించి, తానే మరియొక సంగతిని ఎత్తెను. సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయిరి. మొదటిది అధికారి క్రూరత్వమువలన కలిగినది. రెండవది కట్టడము కూలుటవలన కలిగినది. రెండింటియందును ఆయన ఉత్తరము ఒక్కటే: చచ్చినవారు మిగిలినవారికంటె చెడ్డవారు కారు.

గ్రీకు మూలములో ఒక విశేషము కలదు. గలిలయులనుగూర్చి చెప్పునప్పుడు లూకా పాపులు అను సాధారణమైన మాట వాడెను. గోపురము క్రింద పడినవారినిగూర్చి మాత్రము ఒఫెయిలెటాయ్ అను మాట వాడెను. దాని తిన్నని అర్థము బాకీపడినవారు, ఋణస్థులు. మత్తయి సువార్తలోని ప్రభువు ప్రార్థనలో ఋణస్థులు అని మనము పలుకు చోటను మూలములో ఈ మాటయే యున్నది. ఆ పదునెనిమిదిమంది యెరూషలేము కాపురస్థులందరికంటె ఎక్కువ బాకీపడినవారా అనునదే ప్రభువు ప్రశ్న. ఈ ప్రశ్నలోనే ఒక సత్యము ఇమిడియున్నది. కాపురస్థులందరును బాకీపడినవారే. గోపురము ఎవనిమీద పడలేదో వాని బాకీ తీరిపోలేదు. వానికి ఇంకను గడువున్నదని మాత్రమే దాని భావము.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. ప్రభువు గోపురము ఎందుకు కూలెనని విచారింపకూడదని చెప్పలేదు. పునాదిలోని లోపమును విచారించుట కట్టినవారి బాధ్యత. బహనాగా ప్రమాదమునకు సిగ్నలు వ్యవస్థలో జరిగిన పనియందలి లోపములు కారణమని రైల్వే భద్రతా విచారణలో తేలెను. అట్టి విచారణ జరుగవలసినదే. సమస్తమును దేవుని చిత్తమని చెప్పి మనుష్యుల లోపమును కప్పిపుచ్చుట భక్తి కాదు. ప్రభువు నిషేధించినది మరియొక విచారణ. అనగా చచ్చినవారి అపరాధమును, బ్రదికినవారి యోగ్యతను తూచు విచారణ.

4. అంజూరపు చెట్టు

గోపురమునుగూర్చిన మాట ముగియగానే ప్రభువు అంజూరపు చెట్టు ఉపమానము చెప్పెను. ఈ రెండు భాగములను విడదీసి చదువుట మనకు అలవాటు. లూకా వాటిని కలిపియే ఉంచెను. ద్రాక్షతోటలో నాటబడిన అంజూరపు చెట్టునొద్దకు యజమానుడు మూడు సంవత్సరములు వచ్చి ఫలము వెదకెను. దొరకలేదు. నరికివేయుమనెను. తోటమాలి మరియొక సంవత్సరమునకై బతిమాలుకొనెను. చుట్టు త్రవ్వి ఎరువు వేసెదననెను. ఉపమానము అంతటితో ఆగిపోవును.

దీనిలో నాలుగు సంగతులు గమనింపదగినవి.

మొదటిది, ఆ సంవత్సరము చెట్టు సంపాదించుకొన్నది కాదు. చెట్టునందు మెచ్చుకొనదగినదేదియు కనబడలేదు. బ్రదికియుండుట బహుమానము కాదు, గడువు.

రెండవది, ఆ గడువు వెనుక ఒకని విన్నపము కలదు. చెట్టు తనకొరకు తాను మాటలాడలేదు. ప్రతి విశ్వాసి సంవత్సరము వెనుకను మొదట క్రీస్తు విజ్ఞాపనయు, పిదప తానెరుగని అనేకుల ప్రార్థనయు, కష్టమును ఉన్నవి.

మూడవది, అది త్రవ్వబడు సంవత్సరము. వేళ్లచుట్టు గునపము పడును. కాబట్టి నొప్పి కలిగిన సంవత్సరమును దేవుడు విడిచిన సంవత్సరమని తీర్పు చెప్పరాదు. అయితే ఈ మాటను దుఃఖములోనున్న మరియొకనికి పాఠముగా అప్పగింపరాదు. తన నొప్పినిగూర్చి తాను తెలిసికొనవలసిన సంగతి ఇది.

నాలుగవది, చెట్టు ఫలించెనో లేదో లూకా చెప్పలేదు. వినినవారి జీవితమే దానికి ముగింపు కావలెను గనుక ప్రభువు దానిని అక్కడ విడిచెను. మరియు అంజూరపు చెట్టు తన ఫలమును తాను తినదు. ఫలమనగా మరియొకరికి ఆహారమగునది.

ఆ బండి ఎక్కని సహోదరుని సాక్ష్యమును ఈ వెలుగులో తిరిగి వ్రాయవచ్చును. దేవుడు నన్ను ఎక్కువగా ప్రేమించెను గనుక తప్పించెనని అతడు చెప్పనక్కరలేదు. నాకు గడువు దొరికినది. ఎందుకో నాకు తెలియదు. దొరికిన ఈ గడువులో వెనుక బల్లమీద కూర్చున్న ఆ తల్లికి నేనేమి బాకీపడియున్నానో చూపుమని దేవుని అడుగుచున్నానని చెప్పవచ్చును. అట్టి సాక్ష్యమును విని ఆమెయు ఆమేన్ అనగలదు.

5. రాయి నిలిచిన స్థలము

సంవత్సరాంత ప్రసంగములలో తరచుగా వినబడు పేరు ఎబెనెజరు. సమూయేలు రాయిని నిలిపి, అంతవరకు దేవుడు తమకు సహాయుడాయెనని సాక్ష్యమిచ్చిన సంగతి 1 సమూయేలు 7వ అధ్యాయములో నున్నది. అయితే ఆ పేరు మొదట వచ్చునది 4వ అధ్యాయములో. ఇశ్రాయేలీయులు ఎబెనెజరులో దిగి ఫిలిష్తీయుల చేతిలో ఓడిపోయిరి. మొదట నాలుగువేలమంది, తరువాత ముప్పదివేలమంది కూలిరి, మందసము పట్టబడెను. ఇరువది సంవత్సరముల ప్రలాపము గడచిన పిమ్మట నిలిపిన స్తుతిరాతికి ఆ ఓటమి స్థలము పేరే పెట్టబడెను. చచ్చినవారిని మరచి చేయు స్తుతి ఎబెనెజరు కాదు. జ్ఞాపకము చేసికొనుటను తెలుపు జాకర్ అను హెబ్రీ క్రియను దేవునిగూర్చి వాడినప్పుడు, అది తలంపుతో ఆగదు. చేయి చాచి సహాయము చేయుట దానిలో చేరును. దేవుడు నోవహును జ్ఞాపకము చేసికొనినప్పుడు గాలి విసరెను, నీళ్లు తగ్గెను.

తెలుగు సంఘచరిత్రలో కూడ ఇట్టి రాయి ఒకటి కలదు. అమెరికన్ బాప్టిస్టులు 1836లో తెలుగువారి నడుమ పని ప్రారంభించిరి. ఏండ్లు గడచినను ఫలము బహు స్వల్పము. 1853లో ఆ మిషనును మూసివేయుట మంచిదేమోయని అమెరికాలో చర్చ జరిగెను. చివరకు కొనసాగింప నిశ్చయించిరి. ఆ వార్త ఇక్కడివారికి తెలియుటకు ముందో వెనుకో అని లెక్కింప నక్కరలేదు. 1854 జనవరి 1వ తేది వేకువను లైమన్ జ్యూయెట్ దంపతులు, ముగ్గురు దేశీయ క్రైస్తవులు ఒంగోలులో ఒక కొండయెక్కి ఆ ప్రాంతముకొరకు ప్రార్థించిరి. వారు వెనుకకు చూచినప్పుడు చెప్పుకొనదగిన విజయమేదియు లేదు. కొండమీద ఉన్నవారు అయిదుగురు మాత్రమే.

జాన్ క్లౌ ఒంగోలుకు వచ్చినది 1866లో. 1876–78 కరవులో దక్షిణదేశమున లక్షలాది జనులు మరణించిరి. క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంతభాగమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. కూటికొరకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండ సహాయకాలములో బాప్తిస్మములను నిలిపివేసెను. తరువాత 1878 జూలై 3వ తేదిన ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను సంఘములు ఇప్పటికిని సంతోషముతో చెప్పుకొనును. అయితే దానికి ముందున్న కరవును, కాలువగట్టున మోసిన మట్టితట్టలను, కూలిపోయిన కుటుంబములను విడిచి ఆ సంఖ్యను మాత్రమే చెప్పినయెడల అది సగము సాక్ష్యమగును. కొండమీది ప్రార్థనకును ఈ దినమునకును నడుమ ఇరువదినాలుగు సంవత్సరములు గడచెను. ఫలములేని సంవత్సరములను తిరిగి చూచువారు ఈ సంగతిని ధైర్యముగా తీసికొనవచ్చును.

6. సంవత్సరమును విప్పి చూచుట

ఖరగ్‌పూర్ కర్మాగారములో జరుగు ముఖ్యమైన పనులలో ఒకటి పీరియాడిక్ ఓవర్‌హాల్. బండి బాగుగానే నడుచుచున్నను, గడువు రాగానే బోగీ కర్మాగారమునకు రావలెను. దానిని పైకెత్తి చక్రములను వేరుచేయుదురు. ఇరుసులలో కంటికి కనబడని పగుళ్లను అల్ట్రాసోనిక్ పరీక్షతో వెదకుదురు. రంగు వేయుట చివరి పని. సంవత్సరాంతమున విశ్వాసి చేయదగినది ఇట్టిదే. చాలమంది రంగుతో మొదలుపెట్టి రంగుతోనే ముగింతురు. ఒకప్పుడు ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారము 1,072.5 మీటర్ల పొడవుతో ప్రపంచములో మొదటిదని పేరుపొందెను. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దానిని మించెను. గొప్పగా చెప్పుకొనిన సంగతులు ఇట్లే గతించును. ఒకరికి చేసిన మేలు గతింపదు.

ఈ విప్పి చూచుటకు మూడు మెట్లు ఉపయోగపడును. ఒక కాగితమును, పెన్సిలును తీసికొని ఒంటరిగా కూర్చుండి చేయదగినది ఇది.

మొదట, సంవత్సరములోని ప్రతి నెలకు ఎదురుగా సంఘటనను కాక ఒక మనుష్యుని పేరు వ్రాయవలెను. ఆ నెలలో ఎవని కష్టమువలన తాను నిలిచెనో ఆ పేరు అది. వైద్యుని పేరుతోపాటు ఆసుపత్రి వరండా ఊడ్చిన స్త్రీ కూడ అందులోనికి రావలెను. ఆమె పేరు తెలియనియెడల, తెలియదని వ్రాయుటయు మంచిదే. బాకీ ఎంత పెద్దదో అది చూపును.

రెండవది, ఉత్తరము దొరకని దుఃఖములను దాచక వ్రాయవలెను. 77వ కీర్తన రచించిన భక్తుడు దేవుడు తన కృపను మరచెనేమోయని సహితము అడిగెను. ఆ ప్రశ్న కీర్తనలలోనుండి తీసివేయబడలేదు. దానిని అడిగిన పిమ్మటనే అతడు పూర్వకార్యములను జ్ఞాపకము చేసికొనగలిగెను.

మూడవది, బాకీ తీర్చుటకు ఒక పని నిశ్చయించుకొనవలెను. ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయములో ప్రథమఫలములు తెచ్చువాడు, తన పితరుడు దిక్కులేక తిరుగులాడినవాడని ఒప్పుకొని, తరువాత లేవీయునితోను, తన నడుమనున్న పరదేశితోను కలిసి సంతోషింపవలెను. తాత పరదేశిగా వచ్చిన సంగతిని మరువని కుటుంబము, నేడు పనికై వచ్చిన క్రొత్త కుటుంబమును గుమ్మమునొద్ద నిలువబెట్టదు. జ్ఞాపకము అన్నమైనప్పుడే అది పూర్తియగును.

ధ్యానమునకు ప్రశ్నలు

1. ఈ సంవత్సరము మీరు చెప్పదలచిన సాక్ష్యమును, అదే విషయమున నష్టపోయిన ఒకరి ఎదుట చెప్పగలరా? చెప్పలేనియెడల దానిలో ఏ మాట మార్చవలెను?

2. సిలోయములో చచ్చినవారినిగూర్చి ప్రభువు చెప్పిన మాట, మీ వాడలో ఈ సంవత్సరము జరిగిన ఏ మరణమునకు వర్తించును? ఆ ఇంటికి మీరు మరల వెళ్లితిరా?

3. మీ చుట్టు త్రవ్వబడిన సంగతి ఏది? దానివలన మరియొకరికి ఆహారమైన ఫలమేదైన కలిగెనా?

4. మీ సంఘములో చివరి రాత్రి ఆరాధనకు డ్యూటీవలన రాలేని వారెవరు? వారికొరకు పేరుపేరున ప్రార్థించుటకును, మరునాడు వారి ఇంటికి వెళ్లి పలుకరించుటకును ఏర్పాటు చేయుదురా?